ఈగ చరణం

ఆ పాట మొదటిసారి వీధిలో వినబడినప్పుడు పరుపులక్క నోట్లో దారపు కొస ఉంది. పరుపు కుట్టే దబ్బనంలోకి ఎక్కించడానికి దాన్ని తడిచేస్తోంది. ఎదురు కొట్టు ముందు ఆగిన సామాన్ల వ్యానులోంచి డప్పుల మోతతో వచ్చింది పాట.

దూదమ్మ దూది, తెల్లని దూది,
నలుసేరి పెట్టవే నా చెల్లెలా!
నలుసేరి పెట్టితే మెత్తన్ని పానుపు,
పానుపు మీదెవరె నా చెల్లెలా?

పరుపులక్క గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఆ పాట పాడవలసిన మనిషి వెనక గదిలో ఉంది మరి. ఆమె తల్లి. డెబ్బై ఏడేళ్ళ ముసలమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, ఎప్పటిలా ఎడమచేత్తో దూదిలో నలుసులు ఏరుతోంది. నోరు మూసుకునే ఉంది. ఏరుతున్న చెయ్యి మాత్రం గాలిలో ఆగిపోయింది.

పానుపు మీద మా బుడిపమ్మ పండింది,
పలికితే లేచేను నా చెల్లెలా!

పరుపులక్క నోట్లోంచి దారం జారి ఒళ్ళో పడింది. బుడిపమ్మ అంటే తనే. వీధికి ఆమె పరుపులక్క గానీ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ బుడిపమ్మే. పుట్టినప్పుడు నుదుటి మీద చిన్న బుడిపె ఉండేదని, పెరిగేకొద్దీ కలిసిపోయిందని తల్లి చెప్పేది. ఈ పాట తల్లి తన కోసం కట్టిందని యాభై రెండేళ్ళుగా ఆమె నమ్మకం. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన రోజున కూడా తల్లి తల నిమురుతూ ఈ పాటే పాడింది. నాలుగు గోడలు దాటని పాట డప్పులేసుకుని వీధిలోకి ఎలా వచ్చింది?

పాట అంతటితో ఆగలేదు. ఆమె ఎన్నడూ వినని మరో చరణం మొదలైంది.

ఈగొచ్చె ఈగొచ్చె, గుమ్మంలో ఈగొచ్చె,
గుడ్డ కప్పేయవే నా చెల్లెలా!

"ఇదెక్కడి ఈగే తల్లీ!" అనుకుంది పరుపులక్క. "దొంగిలించిందిగాక దానికి తోక కూడా తగిలించారు."

వెనక గదిలోంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "ఒరే, మిషను వెయ్యి. దూది ఏకాలి."

"ఏకడానికి దూది లేదమ్మా, ఇందాకే అయిపోయింది," అన్నాడు అన్నయ్య.

"లేకపోతే ఉత్తదే వెయ్యి. తుప్పు పట్టిపోతుంది."

పరుపులక్క అన్నయ్య తల్లి మాట జవదాటే మనిషి కాదు. మిషను వేశాడు. ఆ హోరులో పాట మునిగిపోయింది.

నెల తిరిగేసరికి ఆ పాట లేని చోటు లేకుండా పోయింది. బస్సులో అదే, మంగలి కొట్లో అదే. ఎవరి జేబులో ఫోను మోగినా ఈగొచ్చె ఈగొచ్చె అనే మోగేది. ఈగ చరణం రాగానే పిల్లలు గాలిలో చేతులు విసిరి, ఒకరి నెత్తిన ఒకరు గుడ్డలు కప్పుకునేవారు. ఈగల మందు కంపెనీ ఒకటి దాన్ని ప్రకటనకు వాడుకుంది. ఆఖరికి అన్నయ్య కూడా దూది మూట భుజానికెత్తుకుంటూ కూనిరాగం తీయబోయి, చెల్లెలి చూపు చూసి, దగ్గుగా మార్చుకున్నాడు.

పరుపులక్క అనుమానం ముందుగా వదిన మీదికి పోయింది. కొట్లో గిరాకీ చూసేది వదినే, చేతిలో ఫోను ఉండేదీ వదినకే. మొగుడు గురక పెట్టినా రికార్డు చేసి అక్కచెల్లెళ్ళకు పంపే మనిషి. ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ పరుపులక్క అడిగేసింది.

"వదినా, ఉన్నమాట చెప్పు. అమ్మ పాడుతుంటే నువ్వు ఎప్పుడైనా ఫోనులో పట్టి ఎవరికైనా పంపావా?"

వదిన లెక్కపెడుతున్న దిండు గలేబులు బల్ల మీద పెట్టింది. "ఏంటీ, నేను దొంగనా?"

"దొంగ అన్లేదు. అడిగాను."

"అడిగిన తీరు చూస్తే చేతికి బేడీలు కూడా తెచ్చినట్టున్నావ్. ముప్పై ఏళ్ళయింది నేను ఈ ఇంటికొచ్చి. మీ అమ్మ నా ముందు ఒక్కసారైనా నోరు విప్పి పాడిందా? నేను గదిలోకి వస్తే గుటుక్కున మింగేసేది. నీకోసమే దాచుకున్న పాటాయె! నేనెక్కడ పట్టగలను?"

మాట నిజమే. అయినా పరుపులక్క అనుమానం పోలేదు. దొంగ దొరికేదాకా అందరూ దొంగలే కదా.

ఆ తరువాత ఇంట్లో మరో విచిత్రం మొదలైంది. కొట్లోని చిన్న రేడియోలో బ్యాటరీలు మాయమయ్యాయి. కొత్తవి వేస్తే మూడు రోజులకు అవీ పోయాయి. అన్నయ్య ఎలుకలన్నాడు. "బ్యాటరీలు తినే ఎలుకలా? వాటికి కరెంటు కావల్సొచ్చిందా?" అంది వదిన, ఆడపడుచు వైపు ఓరగా చూస్తూ. తనను అనుమానిస్తున్నారని పరుపులక్కకు అర్థమైంది. ఆ సాయంత్రం పిండి కోసం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున నాలుగు బ్యాటరీలు తగిలాయి. ఆ డబ్బా ఉండే గూడు ముసలమ్మ చాప మీద నుంచి చేతికందే ఎత్తులో ఉంది.

ఆమె బ్యాటరీలు తల్లి ముందు పెట్టింది.

"ఇవేంటమ్మా?"

"బ్యాటరీలు."

"పిండి డబ్బాలోకి నడుచుకుంటూ వెళ్ళాయా?"

ముసలమ్మ తలెత్తలేదు. "చెవులు హోరెత్తిపోతున్నాయే. మనశ్శాంతి లేకుండా చేస్తోంది ఆ రేడియో."

"రేడియోనా, పాటా? ఇది నీ పాట. ఊరంతా పాడుతోంది. వేరేవాళ్ళయితే ఇది నాదని కొట్టెక్కి అరిచేవాళ్ళు. నువ్వేంటి బ్యాటరీలు దాస్తావ్?"

"లోకంలో పాటలు బోలెడు. ఒకదాన్ని పోలినవి ఇంకోటి ఉంటాయి."

"బుడిపమ్మలు కూడా బోలెడు మందా?"

ముసలమ్మ ఏరిన దూదినే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. తల్లి అబద్ధం ఆడుతోందని పరుపులక్కకు మొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈ అవస్థంతా తెచ్చిపెట్టిన ఆ పాటగత్తె మీద అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

ఆ పాటగత్తె ఎవరో ఆ ఆదివారమే తెలిసింది. రేడియోలో మాట్లాడింది. చిన్నపిల్లల బడిలో టీచరు. తరగతిలో పిల్లలకు నేర్పితే ఎవరో ఫోనులో పట్టి నలుగురికీ పంపారట. అది విని సంగీతం వాళ్ళొచ్చి డప్పులు చేర్చారట. "మా అమ్మమ్మ పత్తి మిల్లులో పాడుకున్న పాటండీ," అంది ఆ పిల్ల. ఏ పేటలో ఉంటుందో, వాళ్ళమ్మ జిరాక్సు కొట్టు ఏ సందులో ఉందో కూడా దాచుకోకుండా చెప్పేసింది.

పరుపులక్క మర్నాడే రెండు బస్సులు మారి వెళ్ళింది.

జిరాక్సు కొట్టు ఇంటి ముందుగదిలోనే ఉంది. మిషను గాజు కింద వెలుతురు అటూ ఇటూ పరుగెత్తుతోంది. యాభై అయిదేళ్ళావిడ ఒకామె కాగితాల అంచులు బల్లకేసి తట్టి సరిచేస్తోంది.

"ఎన్ని కాపీలు?" తలెత్తకుండా అడిగింది.

"కాపీలకు రాలేదండీ. బస్టాండు వెనక పరుపుల కొట్టు మాది. పాట గురించి వచ్చాను."

అప్పుడు తలెత్తింది జిరాక్సావిడ. కుడి కనుబొమ పైన బఠాణీ గింజంత బుడిపె. పరుపులక్క దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన మాటలు సగం అక్కడే ఆవిరైపోయాయి.

"ఓహో. మీరు మూడోవారు ఈ వారంలో," అంది జిరాక్సావిడ. "మొన్న ఒకాయన ఇది మా తాత పాటంటూ హక్కుపత్రం రాయించుకొచ్చాడు. దానికి నా దగ్గరే రెండు కాపీలు తీయించుకున్నాడు కూడా. మీరేం తెచ్చారు?"

"నాకు హక్కూ వద్దు, పత్రమూ వద్దు. మా అమ్మ పాట మీ ఇంటికెలా వచ్చిందో చెప్పండి చాలు. ఈ మిషన్లో పాటలు కూడా తీస్తారా?"

"కొంచెం నోరు జాగ్రత్తమ్మా. మీ అమ్మ పాటే అయితే ఒక్క ముక్క చెప్పండి. ఈగ చరణం ఎందుకుంది అందులో?"

"ఎందుకుందో మీకే తెలియాలి. మీరు అతికించిందే కదా! మా అమ్మ పాటలో ఈగా లేదు, దోమా లేదు. బుడిపమ్మ పడుకుంటుంది, పాట అయిపోతుంది."

జిరాక్సావిడ చేతిలో కాగితాలు తట్టడం ఆగింది. మిషను మీట నొక్కి ఆపేసింది.

"లేదా?" అంది నెమ్మదిగా. "ఈగ లేకుండా పాడేదా మీ అమ్మ? కూర్చోండి."

పరుపులక్క కూర్చోలేదు. జిరాక్సావిడే చెప్పుకుపోయింది.

"మా అమ్మ పత్తి మిల్లులో నలుసులేరే పని చేసేది. నేను నెలల పిల్లని. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మిల్లులోకి పిల్లల్ని తేనివ్వరు. అందుకని దూది కుక్కిన పెద్ద గోనె బోరాల మధ్య గుంట చేసి నన్ను అందులో పడుకోబెట్టేది. ఈ బుడిపె చూసి ఆడవాళ్ళంతా బుడిపమ్మా అని పిలిచేవాళ్ళట. పాట మా అమ్మే కట్టింది. మేస్త్రీ వస్తుంటే తలుపు దగ్గర కూర్చున్న మనిషి ఈగ చరణం ఎత్తుకోవాలి. వినపడగానే మా అమ్మ నా మీద గుడ్డ కప్పి, పైన దూది కప్పేసేది. ఈగంటే మేస్త్రీ."

బయట ఎవరో వచ్చి "ఒక కాపీ" అన్నారు. "తర్వాత రండి," అంది ఆవిడ, చూపు తిప్పకుండా.

"ఒకరోజు ఈగ చరణం వినపడలేదు. మేస్త్రీ నేరుగా వచ్చేశాడు. నా కాలు పట్టుకుని బోరాల మధ్యలోంచి పైకి లాగాడట. మా అమ్మని అప్పటికప్పుడు గేటు బయటికి నెట్టారు. ఊళ్ళో ఇంకే మిల్లూ రానివ్వలేదు. నలభై ఏళ్ళు వాళ్ళిళ్ళలో వీళ్ళిళ్ళలో అంట్లు తోమి నన్ను పెంచింది. రెండేళ్ళ కింద పోయింది. పోయేదాకా ఒకటే అనుమానం ఆవిడకి. తలుపు దగ్గర పిల్ల పాడలేదా, లేక మిషన్ల హోరులో తనకే వినపడలేదా అని. ఒకరోజు పాడే ఉంటుందిలే పాపం అనేది. ఇంకోరోజు పాడలేదే అని ఏడ్చేది."

"ఎవరా పిల్ల?" అడిగింది పరుపులక్క.

"పేరు చెప్పేది కాదు మా అమ్మ. ఎడమచేతి పిల్ల అనేది."

పరుపులక్క కళ్ళ ముందు నలుసులేరే తల్లి ఎడమచెయ్యి మెదిలింది.

"మీ అమ్మ ఏ మిల్లులో చేసేది?" అంది జిరాక్సావిడ.

"ఏ మిల్లులోనూ కాదు. మాది మొదటి నుంచీ పరుపుల పనే. ఎక్కడో విని ఉంటుంది." తన నోట్లోంచి అబద్ధం అంత సాఫీగా రావడం చూసి పరుపులక్కకే భయమేసింది. వెళ్ళొస్తానని కూడా అనకుండా బయటపడింది. సందు మలుపు దాకా ఆ చూపు వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"అమ్మా, నువ్వు పత్తి మిల్లులో పనిచేశావా?"

"ఎవరు చెప్పారు?"

"చేశావా, లేదా?"

"మీ నాన్నని చేసుకోకముందు ఎన్నో పనులు చేశాను. అన్నీ గుర్తుంటాయా?"

"నా నుదుటి మీద బుడిపె ఉండేదా నిజంగా?"

ముసలమ్మ కూతురి నుదుటి వైపు చూసింది. చూసి చూపు మళ్ళించుకుంది. "ఉండే ఉంటుంది."

"ఎడమచేతి పిల్ల ఎవరమ్మా?"

"ఎడమచేతి వాటం లోకంలో నాకొక్కదానికేనా?" అని కసిరింది ముసలమ్మ. గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి ముసలమ్మ కుడిచేత్తో ఏరడం మొదలుపెట్టింది. ఆ చేతికి అలవాటు లేదు. నలుసు బదులు దూది పీకేది, దూది బదులు చాప గోకేది. గంటలో చెయ్యవలసిన పని పూటంతా పట్టేది. వదిన చూసి "అత్తయ్యా, ఎడమచెయ్యి నొప్పా? మందు రాయనా?" అంటే తల అడ్డంగా ఊపింది. పరుపులక్కకు అన్నం సయించలేదు. చిన్నప్పటి జ్ఞాపకాలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, వెనకా ముందూ తిప్పి చూసుకుంది. జ్వరంలో పడుకున్నప్పుడు అమ్మ నిమిరింది నా తలేనా? నన్ను చూస్తూ ఎవరిని జోకొట్టింది? ఒక్క జ్ఞాపకం మీద కూడా నమ్మకంగా చెయ్యి వెయ్యలేకపోయింది.

అయిదో రోజు పట్టపగలు జిరాక్సావిడ పరుపుల కొట్టుకు వచ్చింది.

"దిండు కావాలి," అంది వదినతో. "బూరుగు దూదితో."

వదినకు ఆమె ఎవరో తెలియదు. దూది నాణ్యత చూపించింది, గలేబు రంగులు చూపించింది. జిరాక్సావిడ వాటి వైపు చూడటం లేదు. వెనక గది తలుపు వైపు చూస్తోంది.

"దూది ఏరేది ఎవరు?"

"మా అత్తయ్యండీ. ఆవిడ చెయ్యి పడిందంటే నలుసన్న మాట ఉండదు."

"ఒకసారి చూడొచ్చా, ఏరుతుంటే?"

కుడుతున్న పరుపు పక్కకు తోసి లేచింది పరుపులక్క. వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది. "చూడ్డానికేముంది అక్కడ? దిండు రేపటికి ఇస్తాం. మీరు వెళ్ళండి."

"అలా దారికడ్డం నిలబడితే నాకున్న కాస్త సందేహమూ తీరిపోతుందమ్మా," అంది జిరాక్సావిడ.

"ఎవరే అక్కడ?" లోపలి నుంచి ముసలమ్మ అడిగింది. "అడ్డం లే. వెలుతురు రావట్లేదు."

పరుపులక్క పక్కకు జరిగింది. జిరాక్సావిడ గుమ్మంలో నిలబడింది. ముసలమ్మ కుడిచేత్తో తడుముకుంటూ ఏరుతోంది. ఒక పింజ, ఒక నలుసు. ఒక పింజ, ఒక నలుసు. జిరాక్సావిడ చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కాస్త వదులయ్యాయి. "కాదులే," అన్నట్టు వెనక్కి తిరగబోయింది.

అప్పుడు ముసలమ్మ తలెత్తింది. వచ్చినామె ముఖం చూసింది. కనుబొమ పైన ఆగింది చూపు. కుడిచేతిలోని పింజను చాప మీద పెట్టేసింది. ఎడమచేత్తో కొత్త పింజ తీసుకుని, చూడకుండానే, వేలికొసలతో టకటకా నలుసులు తీసి పక్కన వేసింది. అలా మూడు పింజలు ఏరింది.

జిరాక్సావిడ గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది.

"కూర్చోమ్మా," అంది ముసలమ్మ.

"కూర్చోను. మా అమ్మకి వినపడలేదా ఆరోజు?"

"పాడితే కదా వినపడటానికి."

వదిన గలేబులు చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. అన్నయ్య మిషను ఆపి వచ్చాడు. ముసలమ్మ అందరి వైపూ చూసింది గానీ మాట మాత్రం జిరాక్సావిడతోనే.

"చూశాను. మేస్త్రీ మెట్లెక్కుతుంటే చూశాను. చరణం గొంతులోకి వచ్చింది. పాడలేదు."

"ఎందుకు?"

"ముందురోజు బోరాలు ఎత్తేవాడు గడ్డపార లాంటి కొక్కెంతో నీ పక్కనే పొడిచాడు. జానెడు తేడా. నాకు గుండె ఆగిపోయింది. ఇవాళ కాకపోతే రేపు ఈ పిల్ల పోతుంది అనుకున్నా. దొరికితే ఇంక మీ అమ్మ నిన్ను తీసుకురాదు కదా అనుకున్నా." ఆగింది. "ఆ పొద్దునే మేస్త్రీ ఇంకో మాట కూడా అన్నాడు. దూది తూచే కాటా దగ్గర కుర్చీ పని నాకూ మీ అమ్మకూ ఇద్దర్లో ఒకరికిస్తానని. దుమ్ము ఉండదు, దగ్గు రాదు."

"ఎవరికొచ్చింది ఆ కుర్చీ?"

"నాకే."



"ఏది నిజం?" అంది జిరాక్సావిడ. "నా ప్రాణం కోసం పాడకుండా ఊరుకున్నారా, కుర్చీ కోసమా?"

"యాభై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒక్కోరోజు ఒక్కోలా చెప్పుకుంటాను. నీకు కావల్సింది నువ్వు అనుకో."

పరుపులక్క ఉండబట్టలేక అడిగింది. "మరి నాకెందుకమ్మా ఆ పేరు?"

"ఆడపిల్ల పుట్టిందని ఒళ్ళో పెడితే, నోటికి అదొక్కటే వచ్చిందే. వేరేది వెతికాను. రాలేదు. పాట కూడా అంతే. ఈగ దాకా వచ్చి ఆగిపోయేదాన్ని."

జిరాక్సావిడ గుమ్మం వైపు తిరిగింది. "మా అమ్మ ఉంటే మిమ్మల్ని ఏమనేదో నాకు తెలీదు. ఆవిడ తరఫున మిమ్మల్ని వదిలేయడానికి నేనెవరిని?" అంది. వెళ్తూ వెళ్తూ కొట్లో ఆగి, దిండు బయానా ఇచ్చి, "నలుసు లేకుండా ఇవ్వండి," అని వదినతో చెప్పి పోయింది.

ఆ తరువాత రోజులు ఇంట్లో చెడ్డగా గడిచాయి. మళ్ళీ ఆదివారం టీచరు రేడియోలో మాట్లాడుతుందని తెలిసి అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. పేరు చెప్పేస్తుందని వదిన, కొట్టు మూసుకోవాల్సి వస్తుందని అన్నయ్య. ముసలమ్మ ఒక్కతే "పెట్టండి, వింటాను," అంది. టీచరు మిల్లు గురించి చెప్పింది, బోరాల మధ్య పిల్ల గురించి చెప్పింది, ఈగంటే ఎవరో చెప్పింది. ఒకరోజు మేస్త్రీకి దొరికిపోయారని చెప్పి ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో పరుపులక్కకు అర్థం కాలేదు. జాలా? లేక పెద్ద దెబ్బకు ముందు ఆగడమా?

దిండు తీసుకోవడానికి జిరాక్సావిడే వచ్చింది. పరుపులక్క ఆ మాటే అడిగింది.

"మా అమ్మాయి చెప్తానంది. నేనే వద్దన్నాను," అంది ఆవిడ. "మీ మీద జాలితో కాదు. నాకు మీ అమ్మతో పనుంది."

"ఏం పని?"

జిరాక్సావిడ దిండును అటూ ఇటూ నొక్కి చూసింది. "రోజంతా ఊళ్ళోవాళ్ళ ఫోటోలు కాపీ తీస్తాను నేను. మా అమ్మ వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటి లేదు నా దగ్గర. నాకు గుర్తున్నదల్లా అరిగిపోయిన మనిషే. ఇరవై రెండేళ్ళప్పుడు ఎలా ఉండేదో చూసినవాళ్ళు ఇప్పుడెవరున్నారు? మిల్లువాళ్ళలో మిగిలింది మీ అమ్మొక్కతే."

పరుపులక్క లోపలికి దారి ఇచ్చింది.

అలా మొదలైంది ఆమె రావడం. గురువారం మధ్యాహ్నాలు కొట్టు మూసి వచ్చేది. వదిన టీ తెచ్చి పెడితే తాగేది కాదు. అలాగే చల్లారిపోయేది. చాప మీద కూడా కూర్చునేది కాదు, స్టూలు లాక్కునేది. ఒక నోటు పుస్తకం తెచ్చుకునేది. కోర్టులో అడిగినట్టు అడిగేది. మా అమ్మ జుట్టు పొడుగా? నడక ఎలా ఉండేది? కోపం వస్తే ఏం చేసేది? ముసలమ్మ గుర్తు తెచ్చుకుని నెమ్మదిగా చెప్పేది. చెప్పిన ప్రతిదానికీ ఆవిడ "నిజమేనా? నా మనసు కుదుటపడాలని కల్పించి చెప్తున్నారా?" అనేది. అదే ప్రశ్న రెండు వారాల తరువాత మరోలా అడిగి, జవాబులు కలుస్తున్నాయో లేదో పుస్తకంలో సరిచూసుకునేది.

పక్కనే కూర్చుని కుట్టుకుంటున్న పరుపులక్క కూడా వినేది. ఆమెకూ తల్లిని పూర్తిగా నమ్మడం చేతకావడం లేదు. అయితే ఆ కబుర్లలో తనకు తెలియని ఒక పిల్ల మెల్లగా కనిపించసాగింది. తలుపు దగ్గర కూర్చుని, ఎడమచేత్తో ఏరుతూ, స్నేహితురాలి పాటకు వంతపాడే ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ పిల్ల మీద ఒక్కోసారి అసహ్యం వేసేది, ఒక్కోసారి దగ్గరికి వెళ్ళి "పాడవే, పాడేయవే" అని భుజం కుదపాలనిపించేది.

ఒక గురువారం ముసలమ్మ అంది: "మీ అమ్మ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పై పన్ను సగం విరిగి ఉండేది. మిల్లు మెట్ల మీద పడి విరగ్గొట్టుకుంది. ఆరోజు రక్తం కారుతూనే నవ్వింది. నన్ను చూసి నవ్వొద్దే అంటూ తనే నవ్వింది."

జిరాక్సావిడ పెన్ను ఆగింది. "మా అమ్మ పైవన్నీ కట్టుడు పళ్ళే. పన్ను విరిగిందని నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పి ఉండదు."

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం..." అని ఆగింది. తనకు తెలియకుండానే ఆమె చెయ్యి పెదాల దాకా వెళ్ళింది. "కట్టుడు పళ్ళు పెట్టించాక కూడా అలాగే నవ్వేది. పిచ్చి అలవాటని కసిరేదాన్ని."

జిరాక్సావిడ పుస్తకంలో రాసుకుంది. రాసినదాన్ని ఒకసారి చదువుకుంది. పేజీ తిప్పింది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "ఏ మెట్టు మీద పడింది? పక్కన ఎవరెవరున్నారు? అన్నీ మొదటి నుంచి చెప్పండి."